పిట్టలకు పట్టిన ఈల

వాకీటాకీలో పంతులమ్మ చెప్పింది రెండే రెండు ముక్కలు: "కూత తప్పింది."

వాకీటాకీ పాతది. దాని గొంతుకు ఏడాది పొడవునా జలుబే. అది నలుగురి చెవుల్లోనూ వేసిన ముక్కలు వేరు: "కోతి తప్పింది."

ఇంకేముంది. అంతరించిపోయే ప్రాణుల్ని సాకే ఆ కేంద్రంలో అప్పటిదాకా టీ గ్లాసులతో తాపీగా ఉన్నవాళ్ళంతా ఒక్క క్షణం అంతరించిపోయి, మరుక్షణం వలలతో అవతరించారు. పెద్ద గేటు మూశారు. చిన్న గేటు మూశారు. ఎప్పుడూ మూసే ఉండే వెనక గేటును కంగారులో తెరిచి మరీ మూశారు. జంతువులకు పండ్లు తరిగే వంటింటి పిన్ని, సగం తరిగిన బొప్పాయి చంకన పెట్టుకుని, కోతి కనబడితే ఆశ చూపిద్దామని ఆవరణంతా కలియదిరిగింది.

కోతుల విభాగం చూసే యువకుడైతే ఒక కాలికి బూటు, మరో కాలికి మేజోడు, భుజాన వలతో పిట్టల షెడ్డులోకి ఊడిపడ్డాడు.

"ఎటు పోయింది?" అన్నాడు రొప్పుతూ.

"ఏది?" అంది పంతులమ్మ.

"కోతి."

"ఎటూ పోలేదు. వల భుజాన వేసుకుని నా ముందే నిలబడింది."

వాళ్ళ పరిచయం ఇలా మొదలైంది. ఆమె ఆ కేంద్రంలో చేరి నాలుగు నెలలైనా, ఒకే గోడకు ఇటు ఆమె, అటు అతను పనిచేస్తున్నా, అంతవరకూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకున్నది లేదు. గోడకు చెవులుంటాయంటారు గానీ కళ్ళుండవు కదా.

అతను వల కిందికి దించి, తప్పిపోయిందేమిటో మర్యాదగా అడిగాడు. ఆమె పళ్ళు బిగపట్టి, చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు, కూ-త అని విడదీసి చెప్పింది. తన దగ్గరున్న కుర్ర పిట్టల కూత తప్పిందనీ, అది డైరెక్టరమ్మకు చెప్పబోతే ఊరంతా వలలేసుకుని వచ్చిందనీ చెప్పింది. కూత తప్పితే ఇంత గోలెందుకండీ, కోతి తప్పితే గోల గానీ అన్నాడతను. పంతులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె నిజంగా పంతులమ్మ కాదు. పిట్టలకు పాట నేర్పుతుంది కాబట్టి అందరూ పెట్టుకున్న పేరది. పిట్టకు పాట నేర్పడమేమిటి, పుట్టుకతో రాదా అనేవాళ్ళని ఆమె కూర్చోబెట్టి క్లాసు తీసుకుంటుంది. ఆమె సాకే పసుపు రెక్కల పాటపిట్టకు పుట్టుకతో గొంతొస్తుంది, పాట రాదు. పెద్ద మగపిట్టలు పాడుతుంటే విని కుర్ర మగపిట్టలు నేర్చుకోవాలి. అడవిలో పెద్దవాళ్ళు కరువైపోయారు. కుర్రకారు ఏ దారినపోయే పిట్టలో పాడింది విని అదే తమ పాటనుకుని పాడుతోంది. ఆడపిట్ట తలతిప్పి కూడా చూడదు. తెలియని లిపిలో రాసిన ప్రేమలేఖను ఎవరు మాత్రం విప్పి చదువుతారు? పాట తప్పితే జోడీ లేదు, జోడీ లేకపోతే జాతి లేదు.

అందుకే కేంద్రంలో పుట్టిన పిల్లలకు, వేరే గూటిలో ఉన్న ముసలి మగపిట్ట నుంచి రికార్డు చేసిన అసలైన పాట స్పీకరులో వినిపిస్తారు. పాట ఒంటబట్టిన వాటిని అడవిలో వదులుతారు. ఈ విడత వదలాల్సిన రోజు దగ్గరపడింది. సరిగ్గా ఇప్పుడే, కాలికి ఎర్ర రింగున్న కుర్ర పిట్ట ఒకటి రెమ్మ మీద నిటారుగా కూర్చుని, ఛాతీ పొంగించి, ఏదో పాడింది.

ఆ మాటల మధ్యలోనే అది మళ్ళీ పాడింది. టూ, టు, టూ, టూఈ.

వలతో ఉన్న యువకుడి మొహం వెలిగిపోయింది. "ఇది నాది," అన్నాడు, పోయిన గొడుగు దొరికినవాడిలా.

"ఏంటి మీది?"

"ఈ ఈల. సాయంత్రం కోతుల్ని పడక గదుల్లోకి పిలవడానికి నేను వేసేది. ఎంత బాగా పట్టేసిందో చూడండి."

రోజూ అతను ఈల వేసే వేళకు పంతులమ్మ ఆవరణకు ఆ చివరనున్న ఆఫీసులో రాతపనిలో ఉంటుంది. ఆమె వినలేదు. పిట్టలు విన్నాయి. స్పీకరులో పొద్దస్తమానం మోగిన తాతముత్తాతల పాటను పక్కన పెట్టి, గోడ దూకి వచ్చిన కోతుల పిలుపును ఒడిసిపట్టాయి. షెడ్డులో కుర్ర మగపిట్టలన్నీ ఒకటే ఈల. ఆ విడత వదిలే కార్యక్రమం వాయిదా పడింది. ఆ యువకుడికి ఆరోజు నుంచి ఈలయ్య అనే పేరు స్థిరపడింది.

డైరెక్టరమ్మ ఇద్దర్నీ గదికి పిలిపించింది. ఆవిడది తక్కువ మాట, ఎక్కువ చూపు. ఇద్దరి వాదనా విని, మూడు ఆజ్ఞలు జారీ చేసింది. ఒకటి, పిట్టల చెవిన పడేలా ఈల వెయ్యకూడదు. రెండు, కొత్తగా పొదిగిన పిల్లల్ని బయటి శబ్దం చొరబడని గదిలో పెంచాలి, అందులోకి పంతులమ్మ తప్ప మరో మనిషి వెళ్ళకూడదు, వెళ్ళిన ఆవిడ నోరు మెదపకూడదు. మూడోది విని ఇద్దరూ తెల్లబోయారు. సందర్శకుల కోసం పెద్ద బోర్డొకటి పెట్టాలట. అంతరించిపోతున్న కోతినీ, అంతరించిపోతున్న పాటపిట్టనూ పక్కపక్కన పోలుస్తూ. అయితే కోతి సంగతులు పంతులమ్మ రాయాలి, పిట్ట సంగతులు ఈలయ్య రాయాలి.

"తారుమారుగా చెప్పారేమో మేడమ్," అంది పంతులమ్మ.

"తారుమారుగానే చెప్పాను. ఎవరి ముద్దు వాళ్ళకి ఎటూ తెలుసు. అవతలివాళ్ళ కష్టం తెలియాలి," అంది డైరెక్టరమ్మ. తర్వాత, కళ్ళజోడు తుడుచుకుంటూ, కొత్త పిల్లలు కూడా ఈలే వేస్తే ఒక విభాగం ఇక్కణ్ణుంచి తరలిపోవాల్సిందేనంది. గూళ్ళు కట్టుకున్న పిట్టల్ని కదల్చలేం కాబట్టి కోతులే వేరే కేంద్రానికి వెళ్తాయి, వాటితో పాటు వాటి మనిషి.

పంతులమ్మకు ప్రాణం లేచొచ్చింది. వాటి మనిషి మాత్రం లేచి, కోతులకు తిండి వేళైందంటూ బయటికి నడిచాడు.

బోర్డు పని మొదలైంది. దాంతో పంతులమ్మకు తలనొప్పీ మొదలైంది. ఈలయ్య పిట్ట సంగతులు మొదటిసారి రాసుకొచ్చిన కాగితంలో, ఆహారం అన్న చోట "తేనె, పురుగులు, పంతులమ్మగారి ప్రాణం" అని ఉంది. పాట అన్న చోట "బాగుంటుంది" అని ఉంది. అంతే. ఒక జాతి బతుకంతా ఆధారపడిన పాటకు ఒకే ఒక్క ముక్క, అదీ హోటల్లో ఉప్మా గురించి చెప్పినట్టు. ఆమె ఎర్ర సిరాతో కొట్టేసింది. అతను ఆ ఎర్రగీతలు చూసి, మీరు నిజంగా పంతులమ్మ కాదంటారు గానీ నేను నమ్మనన్నాడు.

ఆమె రాసిన కోతి సంగతులేమీ తీసిపోలేదు. స్వభావం అన్న చోట "అల్లరి. ఆకలి. మళ్ళీ అల్లరి." అని రాసింది. అతను తిరగ్గొట్టలేదు. ఎర్ర సిరా ఎత్తలేదు. రేపు పొద్దున్న వచ్చి కోతుల దగ్గర ఓ గంట కూర్చోమన్నాడు. ఒళ్ళు మండినా వెళ్ళి కూర్చుంది.

అవి బంగారు రంగు జూలున్న బుల్లి కోతులు. ఒక్కొక్కటి ఉడుత కంటే కాస్త పెద్దది, మొహం మాత్రం ఏదో పోగొట్టుకున్న ముసలాయనది. ఒక దాని వీపు మీద రెండు పిల్లలు జూలు పట్టుకుని వేలాడుతున్నాయి. తల్లి ఎంత ఓపికగా మోస్తోందో అంది పంతులమ్మ.

"తల్లి కాదండీ, తండ్రి," అన్నాడు ఈలయ్య. "తల్లి పాలివ్వడానికే తీసుకుంటుంది. మోతంతా నాన్నదే. ఆయన అలిసిపోతే పెద్దన్నలు మోస్తారు."

పంతులమ్మ పెన్ను తీసింది. కోతి నాన్న మోస్తాడు, పిట్ట నాన్న పాట నేర్పుతాడు. పోలికల బోర్డుకు మొదటి అసలైన పోలిక అలా దొరికింది. దొరికిందన్న సంతోషం ఆమె మొహంలో కనబడకుండా గట్టిగానే జాగ్రత్తపడింది.

కానీ ఎవరి కష్టం పెద్దదన్న చోట మళ్ళీ తగువు. ఎందుకు తగ్గిపోతున్నాయి అనే గడిలో ఎవరి జంతువుకు ఎక్కువ వాక్యాలుండాలన్న దగ్గర రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు వంటింట్లో పిన్ని పండ్లు తరుగుతుంటే, చెరో బకెట్టూ పట్టుకుని నిలబడ్డప్పుడు, పంతులమ్మ ఉండబట్టలేకపోయింది.

"మీ కోతులకు నరికిన అడవి మళ్ళీ పెంచిస్తే చాలు, బతికేస్తాయి. నా పిట్టలకు అడవిచ్చినా చాలదు. అందులో కూర్చుని ఏం పాడాలో ఎవరో చెప్పాలి."

అతను అరటిపండు ముక్కలు బకెట్టులో వేసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "మావాటికీ చెప్పాలండీ. షెడ్డులో పుట్టిన కోతికి కొమ్మ ఊగుతుందనే తెలీదు. మొదటిసారి నిజం కొమ్మ మీదికి ఎక్కించినప్పుడు, అది కదిలేసరికి, ఎక్కడిదక్కడే పట్టుకుని కళ్ళు మూసుకుంది. పామును చూసి భయపడాలని కూడా నేర్పాలి."

పంతులమ్మ బకెట్టు పట్టుకుని విసవిసా వెళ్ళిపోతూ, గుమ్మం తట్టుకుంది. పిన్ని తరగడం ఆపి, మీరిద్దరూ కొట్టుకుంటుంటే నాకు వేళ్ళు తెగేట్టున్నాయి, కాస్త దూరంగా పోయి కొట్టుకోండి అని విసుక్కుంది.

ఈల బందయ్యాక కోతుల వైపు పరిస్థితి మరీ కోతి చేష్టగా తయారైంది. చీకటి పడేలోగా వాటిని పడక గదుల్లోకి రప్పించాలి. కానీ ఈల వెయ్యకూడదు. ఈలయ్య బకెట్టు మీద గరిటెతో కొట్టాడు. కోతులు ఆసక్తిగా చూశాయి. గంట వాయించాడు. ఇంకా ఆసక్తిగా చూశాయి. చప్పట్లు కొట్టాడు. అవి వచ్చి కూర్చుని, తర్వాత అంశం కోసం ఎదురుచూశాయి. చివరికి పండు చూపిస్తూ ఒక్కోదాన్నీ బతిమాలి లోపలికి తెచ్చేసరికి అతని గొంతు పోయేది.

ఒక సాయంత్రం వానొచ్చింది. మామూలు వాన కాదు, షెడ్డు రేకుల మీద ఎవరో లారీ కంకర గుమ్మరించినట్టు. పంతులమ్మ గొడుగేసుకుని ఆఫీసు నుంచి వస్తూ కోతుల ఆవరణ దగ్గర ఆగింది. వాన దిగింది. వానరం దిగలేదు. అన్నీ కొమ్మల చివరన ముద్దలు కట్టి కూర్చున్నాయి. కింద ఈలయ్య, గొడుగు లేకుండా, పండు పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. పండు మీంచి నీళ్ళు కారి అతని చొక్కా చేతిలోకి పోతున్నాయి. పైన తండ్రి కోతి వీపు మీద పిల్లలు రెండూ వణుకుతున్నాయి. అతను నోరు తెరుస్తాడు, ఏదో గుర్తొచ్చి మూసేస్తాడు. మళ్ళీ తెరుస్తాడు. మళ్ళీ మూసేస్తాడు.

పంతులమ్మ అది చూసింది. ఈ మనిషితో వేగడం నా వల్ల కాదనుకుంది. మాటిచ్చాడు కాబట్టి చచ్చినా వెయ్యడు. వెయ్యకపోతే పిల్లలు చలికి చచ్చేట్టున్నాయి.

"వెయ్యండి," అంది ఆవరణ కంచె దగ్గరికొచ్చి.

అతనికి వానలో వినబడలేదు.

"ఈల వెయ్యండి మహానుభావా. నా పిల్లలు మూసిన గదిలో ఉన్నాయి, ఏమీ వినబడదు. షెడ్డులోవి ఎటూ చెడిపోయినవే. ముందు వెయ్యండి."

అతను వేశాడు. టూ, టు, టూ, టూఈ. చివరి స్వరం పైకి లేచింది, వచ్చారా అని అడిగినట్టు. తండ్రి కోతి ముందు దిగింది. దాని వెనక అన్నలు, వాటి వెనక తల్లి. నిమిషంలో కొమ్మలన్నీ ఖాళీ. ఈలయ్య తడిసిన మొహంతో ఆమె వైపు తిరిగి, థాంక్స్ అనబోయి తుమ్మాడు. ఆమె గొడుగు అతని చేతిలో పెట్టి, తను తడుస్తూ వెళ్ళిపోయింది. ఎందుకలా చేసిందని ఆ తర్వాత తన మీద తనకే చిరాకేసింది. గొడుగులో ఇద్దరు పడతారన్న సంగతి వంద అడుగులు నడిచాక గుర్తొచ్చింది.

పంతులమ్మ అక్కా బావల దగ్గర ఉంటోంది. రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈలయ్య మీద చెప్పే ఫిర్యాదులే అన్నంలో నంజుకునే ఊరగాయ. బకెట్టు కడగడు, బూట్లు ఎక్కడపడితే అక్కడ విప్పుతాడు, ఎర్ర సిరా చూస్తే నవ్వుతాడు, కోపం తెప్పిస్తాడు, తెప్పించి దాన్ని నిలవనివ్వడు.

"ఏమే, పెళ్ళై ఎనిమిదేళ్ళు. మీ బావని నేను కూడా ఇంత శ్రద్ధగా తిట్టలేదే," అంది అక్క.

బావ కంచంలోంచి తలెత్తకుండా, "తిట్టావులే. ఇంత ప్రేమగా తిట్టలేదంతే," అన్నాడు.

పంతులమ్మ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచింది. అతని ఊసు ఇంట్లో ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు టిఫిను దగ్గరే ఒట్టు గట్టున పెట్టింది.

మూసిన గదిలో పిల్లలు ఈకలు పోసుకున్నాయి. పొద్దునా సాయంత్రం ఆమె ఒక్కతే వెళ్ళేది. తిండి పెట్టడం, నీళ్ళు మార్చడం, గచ్చు కడగడం. స్పీకరులో అసలు పాట మోగుతూనే ఉండేది. గది మూల రికార్డరు, పిల్లలు ఎప్పుడు గొంతు సవరించుకుంటాయో పట్టుకోవడానికి, రోజంతా తిరుగుతూ ఉండేది. మొదట్లో అవి ఏవేవో గొణిగాయి, నిద్రలో మాట్లాడే పిల్లల్లా. ఆ గొణుగుడు క్రమంగా ముక్కలైంది, ముక్కలు వరస కట్టాయి. ఒక పొద్దున్న పంతులమ్మ తలుపు తీసేసరికి, మూడు గొంతులు ఒక్కసారి పాడాయి.

టూ, టు, టూ, టూ.

ఆమె చేతిలో నీళ్ళ గిన్నె గచ్చు మీద పడింది.

తర్వాత జరిగింది తొందరగా జరిగింది. పంతులమ్మ గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, కోతుల గుమ్మంలో నిలబడి, ఎవరూ చూడకుండా ఆ గదిలోకి ఎప్పుడు వెళ్ళారని అడిగింది. అతను వెళ్ళలేదన్నాడు. గది పక్కన ఈల వేశారా అంది. వాన రోజు తప్ప ఎక్కడా వెయ్యలేదన్నాడు. మరి పిట్టలు కలగన్నాయా అంది. అతను చేతిలో బకెట్టు కింద పెట్టి, నేను మాటిస్తే ఎలా ఉంటానో మీరు చూశారు కదండీ, ఆ వానలో, అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది.

కొత్త పిల్లల ఈల విన్న డైరెక్టరమ్మకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. శనివారం లారీ వస్తుందంది. కోతుల్ని ఎక్కించే పెట్టెలు సిద్ధం చెయ్యమంది. పంతులమ్మను రిపోర్టు రాయమంది.

కోరుకున్నదే జరుగుతోంది. జరుగుతుంటే ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదు. ఆమె దానికి పేరు పెట్టింది, అలసట అని. మధ్యాహ్నం పెట్టెలకు మేకులు కొడుతున్న చప్పుడు గోడ అవతల్నుంచి వినబడుతుంటే, కిటికీ మూసేసి రిపోర్టుకు కూర్చుంది.

రిపోర్టన్నాక రుజువుండాలి. శబ్దాన్ని బొమ్మగా గీసే సాఫ్ట్‌వేరుంది ఆమె దగ్గర. స్వరం పైకి లేస్తే గీత లేస్తుంది, దిగితే గీత దిగుతుంది. పిల్లల పాట బొమ్మ పక్కన అతని ఈల బొమ్మ పెడితే కథ ముగిసినట్టే. అందుకని అతన్ని పిలిపించి, మైకు ముందు ఈల వెయ్యమంది. అతను తన మీద సాక్ష్యం తనే చెబుతున్నానని తెలిసి కూడా, గొంతు సవరించుకుని, శ్రద్ధగా వేశాడు. బాగా వచ్చిందా, ఇంకోసారి వెయ్యనా అని కూడా అడిగాడు. చాలు వెళ్ళండంది ఆమె, తల తిప్పకుండా.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. మొదటి మూడు గీతలూ అచ్చు గుద్దినట్టున్నాయి. నాలుగోదానిలో తేడా. అతని ఈల చివర గీత పైకి లేచింది. పిల్లల పాటలో చివరి గీత కిందికి దిగింది. ఒకటి కాదు, మూడు పిల్లలదీ అంతే. షెడ్డులోని పాత కుర్రకారు బొమ్మలు తీసి చూసింది. వాటిలో చివర పైకే ఉంది.

అంటే ఈ కొత్త పిల్లలకు నేర్పింది అతను కాదు. షెడ్డులోవి కావు. ఎవరో ఇదే ఈలను చివర్లో దించి వేస్తున్నారు. ఆ గదిలోనే వేస్తున్నారు.

ఎవరో దొంగ దొరకబోతున్నాడన్న ఉత్సాహంతో పంతులమ్మ గది రికార్డరు తెచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది. స్పీకరు పాట. పిల్లల గొణుగుడు. తలుపు చప్పుడు, తన తాళాల గుత్తి. బకెట్టు. గచ్చు మీద చీపురు. చీపురు రాసుకునే లయలో, పెదాల మధ్య నుంచి, సన్నగా, టూ, టు, టూ, టూ.

ఆమె వెనక్కి తిప్పింది. మళ్ళీ వింది. ఇంకో రోజుది పెట్టింది. వాన రోజు తర్వాత ఏ రోజుది పెట్టినా చీపురుంది, ఈలుంది. ఒక రోజైతే ఈలకు ముందు తన గొంతే, విసుగ్గా, "బకెట్టు కడగడానికేం రోగం ఈ మనిషికి" అని వినబడింది. ఆ వెంటనే ఈల.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో తల పట్టుకుంది. గోడ అవతల మేకు చప్పుడు సాగుతూనే ఉంది.

ఇందులో దాచడానికి దారి ఉంది. రిపోర్టులో గీతల సంగతి రాయకపోతే సరి. లారీ వస్తుంది, పోతుంది. నోరు మెదపకూడని గదిలో పాటల పంతులమ్మే ఈల వేసిందని ఎవరికీ తెలియదు. ఈ ఉద్యోగం కోసం ఆమె ఎన్నేళ్ళు చదివిందో ఆమెకు తెలుసు. కానీ లారీ వెళ్ళాక గోడ అవతల ఎలా ఉంటుందో ఊహించుకుంటే, నిశ్శబ్దంగా ఉంది. పాట మర్చిపోయిన అడవిలా.

పంతులమ్మ లేచి, రికార్డరూ, స్పీకరు డబ్బా చంకన పెట్టుకుని, నేరుగా డైరెక్టరమ్మ గదికి నడిచింది. అందర్నీ పిలవమంది. అందర్నీ ఎందుకని డైరెక్టరమ్మ అడిగితే, అతని మీద నేను మోపిన తప్పు అందరికీ తెలిసిపోయింది కదా, అందరి ముందే దించాలి అంది.

వంటింటి ముందు చప్టా మీద అందరూ చేరారు. ఈలయ్య చేతిలో సుత్తితోనే వచ్చి, వెనక నిలబడ్డాడు. పంతులమ్మ ఉపోద్ఘాతం లేకుండా మీట నొక్కింది. చీపురు చప్పుడు, బకెట్టు గురించిన విసుగు, ఆపైన ఈల, అన్నీ వరసగా వినబడ్డాయి. ఎవరో నవ్వబోయి డైరెక్టరమ్మ చూపుకు దగ్గుగా మార్చుకున్నారు.

"ఇది నేను," అంది పంతులమ్మ. చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు నిలబడింది. కొత్త పిల్లలకు ఈ ఈల నేర్పింది తనేనని, వేస్తున్నట్టు తనకే తెలియలేదని, ఆయన మాట తప్పలేదని చెప్పింది. చివరి స్వరం కిందికి దిగడం ఎందుకు రుజువో విడమరిచింది. స్పీకరును పిల్లలు ఎందుకు లెక్కచెయ్యలేదో కూడా అప్పటికి ఆమెకు అర్థమైంది. "డబ్బా ఎంత పాడినా అది తిండి పెట్టదు, దగ్గరికి రాదు. పిట్ట ప్రాణమున్నవాళ్ళ దగ్గరే నేర్చుకుంటుంది. ఎవరొస్తే ప్రాణం లేచొస్తుందో వాళ్ళ దగ్గర. తప్పు పద్ధతిదీ నాదీ. కోతులది కాదు."

డైరెక్టరమ్మ చాలాసేపు కళ్ళజోడు తుడిచింది. పిల్లల గొంతు ఇంకా గట్టిపడలేదు కదా అని అడిగింది. లేదు, ఇప్పుడైనా అసలు పాటొచ్చిన మన ముసలి మగపిట్టను ఆ గదిలో పెడితే దిద్దుకుంటాయి, షెడ్డులోవాటి సంగతే చెప్పలేను అంది పంతులమ్మ. అయితే డబ్బా తీసేసి ముసలి పిట్టను పెట్టమంది డైరెక్టరమ్మ. గచ్చు ఇకమీద ఇంకెవరైనా, నోటికి గుడ్డ కట్టుకుని కడుగుతారంది. లారీకి ఫోను చేసి వద్దని చెప్పమంది. చెప్పి వెళ్ళిపోబోయింది.

అప్పుడు వంటింటి పిన్నికి సందేహమొచ్చింది.

"అంతా బాగానే ఉందమ్మా. పిట్టలు నీ దగ్గర నేర్చుకున్నాయి, సరే. నువ్వెందుకు నేర్చుకున్నట్టు?"

డైరెక్టరమ్మ వెళ్ళడం మానేసి వెనక్కి తిరిగింది. వెనకవాళ్ళు ముందుకొచ్చారు. పంతులమ్మ పిన్ని వైపు చూసింది, ఈ ముసలమ్మను ఏ గదిలో పెట్టి మూస్తే బాగుంటుందా అన్నట్టు. తప్పించుకోవడానికి దారి కోసం అటూ ఇటూ చూసింది. ఎటు చూసినా మనుషులే.

"ఇప్పుడేగా చెప్పాను," అంది విసుగ్గా. "ఎవరొస్తే ప్రాణం లేచొస్తుందో వాళ్ళ దగ్గర నేర్చుకుంటుందని. పిట్టకొక సూత్రం, నాకొక సూత్రం ఎక్కణ్ణుంచొస్తాయి?"

చప్టా మీద అందరూ వెనక్కి తిరిగి, సుత్తి పట్టుకున్న మనిషిని చూశారు. అతను సుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక, పిన్ని చేతికిచ్చాడు. జనం మధ్య నుంచి నడిచి వచ్చి పంతులమ్మ ముందు ఆగాడు. ఏదో గొప్ప మాట చెప్పాలని ప్రయత్నించినట్టు మొహం కనబడింది. గొప్ప మాట రాలేదు.

"చివర్లో స్వరం పైకి వెళ్ళాలండీ," అన్నాడు.

"తెలుసు," అంది పంతులమ్మ. "సాయంత్రం నేర్పండి. పిట్టలకు వినబడనంత దూరం తీసుకెళ్ళి."